కార్టూనిస్టుకు ఎవరు దిక్కు?



కార్టూన్ల గురించి రేడియోలో మాట్లాడమన్నప్పుడు కాస్త వెనకాడాను. బొమ్మ చూపించకుండా బొమ్మ సంగతి ఎలా చెప్పాలి? కానీ ఆలోచిస్తే, మన ఊళ్లలో రాజకీయ కార్టూన్ ఎప్పుడూ సగం నోటి మీదే నడిచింది. టీ కొట్టు దగ్గర పేపరు ముందుగా చేజిక్కించుకున్నవాడు నవ్వుతాడు. పక్కవాడు "ఏంట్రా?" అంటాడు. వీడు చెప్తాడు, అక్కడున్న నలుగురూ నవ్వుతారు. ఆ నలుగురిలో ముగ్గురు బొమ్మ చూడనే లేదు. నోటితో చెప్పినా పేలిందంటే అందులో సరుకుందన్నమాట. ఆ ధైర్యంతోనే ఒక బొమ్మను మాటల్లో మీ ముందు పెడుతున్నాను.

1975 డిసెంబర్ 10, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక. గీసినవారు అబూ అబ్రహాం. బొమ్మలో స్నానాల గది, అందులో ఒక తొట్టి. తొట్టిలో కూర్చుని స్నానం చేస్తున్న పెద్దమనిషి అప్పటి భారత రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ సందులోంచి ఒక చెయ్యి లోపలికి చాచి ఉంది, మనిషి మాత్రం కనిపించడు. రాష్ట్రపతి సంతకం చేసిన కాగితాన్ని ఆ చేతికి అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమనండి అంటున్నారు. బొమ్మ అంతే.

చాలామంది దీన్ని రాష్ట్రపతి మీద జోకుగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో అసలు పాత్ర తలుపు సందులోంచి వచ్చిన ఆ చెయ్యే అనిపిస్తుంది. స్నానం ముగిసేదాకా కూడా ఆగలేని చెయ్యి అది. అప్పటికి ఎమర్జెన్సీ పెట్టి అయిదున్నర నెలలు. జూన్ 25 అర్ధరాత్రి వేళ ఇదే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం చేశారు. మర్నాడు పొద్దున దేశానికి ఆ కబురు చేరింది రేడియోలోనే, ప్రధాని ఇందిరాగాంధీ గొంతుతో.

ఆర్డినెన్స్ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. పార్లమెంటు సమావేశాలు జరగనప్పుడు, వెంటనే చర్య తీసుకోక తప్పని పరిస్థితి ఉందని రాష్ట్రపతి సంతృప్తి చెందితే, చట్టంతో సమానమైన ఉత్తర్వు జారీ చేయవచ్చని రాజ్యాంగం 123వ అధికరణ చెబుతుంది. అయితే 1975 ఆగస్టులో వచ్చిన 38వ సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. రాష్ట్రపతి ఒకసారి సంతృప్తి చెందారంటే ఇక అదే ఆఖరు, ఏ కోర్టూ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదంది. ఆ సంతృప్తి ఎక్కడ, ఎంత తీరిగ్గా కలుగుతోందో అబూ గీసి చూపించారు. ఆ సవరణలోని చెడుగు ఏమిటో న్యాయవాదులు వాదించి వివరించాల్సిన చోట, ఒక తొట్టి, ఒక చెయ్యి సరిపోయాయి. 1978లో 44వ సవరణ ఆ మాటల్ని రాజ్యాంగంలోంచి తీసేసింది.

ఆ చెయ్యి ఆ సవరణతో మొదలైందీ కాదు, దాన్ని తీసేసినంత మాత్రాన ఊరుకున్నదీ కాదు. బీహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు జారీ అయ్యాయి. వాటిలో 69 ఆర్డినెన్సుల్ని, గడువు తీరిన ప్రతిసారీ శాసనసభ ముందు పెట్టకుండా, మళ్లీ మళ్లీ జారీ చేసి ఏళ్ల తరబడి బతికించారు. పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు డి.సి. వాధ్వా ఈ లెక్కలన్నీ తవ్వి తీసి సుప్రీంకోర్టుకు వెళ్తే, ఇది రాజ్యాంగాన్ని మోసగించడమేనని 1986లో కోర్టు తేల్చింది. అబూ కార్టూన్ వచ్చిన పదకొండేళ్లకు!

సరే, ఇంత బొమ్మ గీసిన అబూను ఎందుకు పట్టుకెళ్లలేదు? ఆయన అప్పటికి రాజ్యసభ సభ్యుడు. 1972లో రాష్ట్రపతి నామినేట్ చేశారు, అప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మన వి.వి. గిరి గారే. ఆ హోదా కాపాడిందా? లండన్‌లో అబ్జర్వర్ పత్రికకు పదేళ్లు గీసి వచ్చిన పేరు కాపాడిందా? సెన్సారు గదిలో ఆ రోజు కూర్చున్నాయన కళ్లు మూసుకున్నాడా? ఆ కాలంలో సెన్సారు కొట్టేసిన అబూ బొమ్మలు వేరే ఉన్నాయి. అవి ఎమర్జెన్సీ ముగిశాక 1977లో పుస్తకంగా వచ్చాయి. ఒకటి దాటింది, కొన్ని ఆగిపోయాయి. ఏది దాటుతుందో, ఏది ఆగుతుందో గీసేవాడికి ముందుగా తెలియదు. నేనివాళ మాట్లాడదలుచుకున్నది ఆ తెలియకపోవడం గురించే.

కార్టూనిస్టులూ పాలకులూ అనగానే మనవాళ్లు రెండు ముచ్చట్లు చెప్తారు. మొదటిది శంకర్ గారిది. కేరళలోని కాయంకుళంలో పుట్టిన కేశవ శంకర్ పిళ్లై 1948లో ఢిల్లీ నుంచి 'శంకర్స్ వీక్లీ' మొదలుపెట్టారు. ప్రారంభించింది నెహ్రూ. నన్ను మాత్రం వదిలిపెట్టకు శంకర్ అన్నారని ప్రతీతి. శంకర్ నిజంగానే వదల్లేదు. 1964 మే నెలలో ఆయన వేసిన బొమ్మ చూడాలి. బక్కచిక్కి, అలిసిపోయిన నెహ్రూ చేతిలో కాగడాతో ఆఖరి పరుగు తీస్తుంటారు. వెనకాల నందా, లాల్ బహదూర్ శాస్త్రి, మొరార్జీ, కృష్ణమీనన్, ఇందిర. కాగడా ఎవరి చేతికి అందుతుందో అని అందరూ పరుగు. ఆ బొమ్మ వచ్చిన పది రోజులకు నెహ్రూ పోయారు.

రెండోది ఆర్.కె. లక్ష్మణ్ గారు చెప్పుకున్నది. 1962 చైనా యుద్ధం తర్వాత ఆయన నెహ్రూ మీద ఒక బొమ్మ గీశారు. నొచ్చుకుంటారనుకుంటే, నెహ్రూయే ఫోన్ చేసి మెచ్చుకుని, పెద్దది చేసి సంతకం పెట్టి ఇస్తే ఫ్రేము కట్టించుకుంటానని అడిగారట.

ఎంత పెద్ద మనసు అనుకుంటాం. పెద్ద మనసే, కాదనను. కాకపోతే నాకు ఇందులో రెండు చిక్కులు కనిపిస్తాయి. ఎవరి మీద గీశామో ఆయనే ముచ్చటపడి గోడకు తగిలించుకుంటే, ఆ బొమ్మ తగలాల్సిన చోట తగిలిందా? ఇది ఒకటి. రెండోది ఇంకా పెద్దది. నెహ్రూ సహించారంటే అది నెహ్రూ మంచితనం. మంచితనం ఆస్తి కాదు, వారసులకు రాదు. వదిలిపెట్టకు అని శంకర్‌తో అన్న నెహ్రూ ప్రభుత్వమే 1951లో మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి, భావ ప్రకటన స్వేచ్ఛ మీద పెట్టగల ఆంక్షల జాబితాను పెంచింది. బ్రిటిష్ వాళ్లు తిలక్ మీదా గాంధీ మీదా వాడిన రాజద్రోహం సెక్షన్ 124ఎ ను శిక్షాస్మృతిలో అలాగే ఉంచింది. అంటే చిరునవ్వు ప్రధాని ముఖంలో ఉంది, లాఠీ చట్టంలో ఉంది. ఆ ముఖం మారినప్పుడు మిగిలింది లాఠీయే.

1975 ఆగస్టు 31న శంకర్స్ వీక్లీ ఆగిపోయింది. నియంతలకు నవ్వు గిట్టదనీ, హిట్లర్ ఏలినన్నాళ్లూ జర్మనీలో చెప్పుకోదగ్గ కార్టూన్ ఒక్కటీ రాలేదనీ వీడ్కోలు సంపాదకీయంలో రాశారు. ఇరవై ఏడేళ్ల పత్రిక అది. అబూ, ఓ.వి. విజయన్, కుట్టి, రంగా లాంటి వాళ్లు అందులో గీశారు.

మరి పాలకుడి మంచితనం మీద ఆధారపడకుండా కార్టూనిస్టు బతకడానికి ఏం కావాలి? దీనికి జవాబు నాకు ఢిల్లీలో కన్నా మద్రాసులో బాగా దొరికింది. 1987 మార్చి నెలాఖరు. ఆనంద వికటన్ అనే తమిళ వారపత్రిక ముఖచిత్రం మీద ఒక జోకు కార్టూన్ వచ్చింది. వేదిక మీద ఇద్దరున్నారు. వాళ్లలో ఎమ్మెల్యే ఎవరు, మంత్రి ఎవరు అని ప్రశ్న. జేబుదొంగలా ఉన్నవాడు ఎమ్మెల్యే, ముసుగు దొంగలా ఉన్నవాడు మంత్రి అని జవాబు. ఏ మంత్రి పేరూ లేదు, ఏ రాష్ట్రం పేరూ లేదు. అయినా తమిళనాడు శాసనసభకు కోపం వచ్చింది. సభా హక్కులకు భంగమన్నారు. క్షమాపణ చెప్పమంటే సంపాదకుడు చెప్పనన్నారు. ఆ సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్, జెమిని స్టూడియో ఎస్.ఎస్. వాసన్ గారి అబ్బాయి. విచారణ లేదు, కోర్టు లేదు. స్పీకర్ పి.హెచ్. పాండియన్ సభలో మూడు నెలల కఠిన శిక్ష ప్రకటించారు. పోలీసులు వచ్చి పట్టుకెళ్లారు. ఎం.జి.ఆర్. ప్రభుత్వం మీద దేశమంతటా పత్రికలు విరుచుకుపడ్డాయి. రెండు రోజులకే విడిచిపెట్టారు.

విడిచిపెట్టారు కదా అని ఆయన ఊరుకుంటే ఈ కథ నేను చెప్పేవాణ్ని కాదు. ఆయన హైకోర్టుకెక్కారు. ఏళ్ల తరబడి కేసు నడిపారు. అరెస్టు చెల్లదని తీర్పు తెచ్చుకున్నారు. నష్టపరిహారంగా దక్కింది వెయ్యి రూపాయలు. ఆ వెయ్యి రూపాయల్ని ఫ్రేము కట్టించి తన ఆఫీసులో తగిలించుకున్నారు. నెహ్రూ గోడ మీద ఉండాల్సిన ఫ్రేము కన్నా ఈ ఫ్రేము మీదే నాకు గౌరవం ఎక్కువ. అక్కడ ఒక పెద్దాయన మెచ్చుకోలు ఉంది. ఇక్కడ ఒక తీర్పు ఉంది.

ఇంకో సంగతి గమనించారా? జైలుకు వెళ్లింది బొమ్మ గీసినవాడు కాదు, అచ్చువేసిన సంపాదకుడు. నా పత్రికలో వచ్చింది, నాదే బాధ్యత అని నిలబడ్డ మనిషి. కార్టూనిస్టు బ్రష్షు ఎంత పదునైనదైనా, వెనకాల అలాంటి సంపాదకుడు లేకపోతే ఆ బొమ్మ డ్రాయరులోనే ఉండిపోతుంది.

సభా హక్కుల గొడవ మనకూ కొత్తేం కాదు. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన రభసకు ఈనాడు పెట్టిన 'పెద్దల గలాభా' శీర్షిక మీద సంపాదకుడు రామోజీరావును సభకు రప్పించాలని ఆ మండలి పట్టుబడితే, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 1985లో మండలే రద్దయింది, అది వేరే కథ. కానీ ఆ హక్కులేమిటో, ఎంతవరకో రాసిపెట్టిన చట్టం పార్లమెంటూ చేయలేదు, శాసనసభలూ చేయలేదు. రాసిపెట్టకపోవడంలోనే వాళ్లకు సుఖం ఉంది మరి.

చట్టం ఉంటే చాలా అంటే, అదీ చాలదు. 2012 ఏప్రిల్‌లో కోల్‌కతా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్రను అరెస్టు చేశారు. ఆయన బొమ్మ గీయలేదు. సత్యజిత్ రాయ్ సినిమా 'సోనార్ కెల్లా' సన్నివేశాన్ని వాడుకుని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ, ఇద్దరు నేతల మీద ఎవరో చేసిన ఒక వ్యంగ్య చిత్రాన్ని తమ హౌసింగ్ సొసైటీ వాళ్లకు ఈమెయిల్‌లో పంపారంతే. రైలు చార్జీలు పెంచిన రైల్వే మంత్రిని సొంత పార్టీయే తప్పించిన వ్యవహారం మీద జోకు అది. ఐటీ చట్టం 66ఎ సెక్షన్ కింద కేసు పెట్టారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్నే కొట్టేసింది. కేసు మాత్రం నడుస్తూనే ఉంది. 2023 జనవరిలో గానీ ఆయనకు విముక్తి దొరకలేదు. కొట్టేసిన సెక్షన్ ఎనిమిదేళ్లపాటు ఒక మనిషి మెడకు వేలాడింది. ఇలాంటి కేసుల్లో ఆఖరున ఎవరు గెలిచారన్నది ఎవరికీ పట్టదు. కోర్టు చుట్టూ తిరగడమే శిక్ష.

ఇప్పటిదాకా చెప్పిన కథల్లో ఎవరిది తప్పో తేల్చుకోవడం తేలిక. అంత తేలిక కానిది ఒకటుంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. 1949 ఆగస్టులో శంకర్ గీసిన బొమ్మ. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కూర్చుని కొరడా ఝళిపిస్తుంటారు. వెనక నెహ్రూ, ఆయన చేతిలోనూ కొరడా. జనం చూస్తుంటారు. రాజ్యాంగ రచన నత్తనడక నడుస్తోందని ఎత్తిపొడుపు. 2006లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు పదకొండో తరగతి పాఠ్యపుస్తకంలో దాన్ని వేశారు. ఆరేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2012 మేలో పార్లమెంటు అట్టుడికింది. మంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పి, ఆ బొమ్మ తీసేస్తామన్నారు. పుస్తకానికి సలహాదారులైన సుహాస్ పల్షికర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పుణెలో పల్షికర్ ఆఫీసు మీద దాడి జరిగింది.

ఆ బొమ్మలో శంకర్ ఉద్దేశం కులం కాదు, నిజమే. కానీ అంబేడ్కర్ వెనక కొరడా పట్టుకున్న మనిషిని చూసిన దళిత విద్యార్థికి 1949 నాటి ఉద్దేశం గుర్తుకు రావాలనడం కూడా సబబు కాదు. కొరడా వాళ్లకు వట్టి బొమ్మ కాదు కదా. ఆ బాధ అబద్ధం అన్నవాళ్లతో నేను ఏకీభవించను. అయితే దానికి మందు తరగతి గదిలో ఉంది. ఈ బొమ్మ నిన్నెందుకు నొప్పించింది, గీసినవాడు ఏం చూడలేకపోయాడు అని పిల్లలతో మాట్లాడించే పాఠం ఎంత గొప్ప పాఠం అయ్యేది! ఒక్క మధ్యాహ్నంలో పార్లమెంటు ఆ అవకాశాన్ని చెరిపేసింది. పైగా, ఆ సందడిలో నేతల మీది ఇతర కార్టూన్లకూ పాఠ్యపుస్తకాల్లో చోటు ఎందుకని అడిగినవాళ్లు అన్ని పార్టీల్లోనూ తేలారు. అంబేడ్కర్ గౌరవం పేరు చెప్పి తమ ముక్కులు కాపాడుకోవాలని చూశారన్నమాట.

కులాన్ని చూడలేకపోయిన కార్టూనిస్టులున్నట్టే, కులాన్నే గురిపెట్టినవాళ్లూ ఉన్నారు, మన తెలుగులోనే. ఆంధ్రజ్యోతిలో గీసిన శేఖర్ 'క్యాస్ట్ క్యాన్సర్' పేరుతో కార్టూన్ల పుస్తకమే తెచ్చారు. ఆయన క్యాన్సర్‌తోనే 2014లో వెళ్లిపోయారు.

తెలుగు కార్టూన్ గురించి చెప్పాలంటే 1930లలో భారతి పత్రికలో గీసిన తలిశెట్టి రామారావు దగ్గర మొదలెట్టాలి. అంత సమయం లేదు. రాజకీయ కార్టూన్ మన ఇళ్లలో అలవాటుగా మారింది మాత్రం ఎన్.టి. రామారావు అధికారంలోకి వచ్చిన రోజుల్లో. ఆ వేషం, ఆ కాషాయం, ఆ డైలాగు కార్టూనిస్టులకు పండగ. ఉదయం పత్రికలో మోహన్ బ్రష్షు, ఈనాడు మొదటి పేజీలో శ్రీధర్ 'ఇదీ సంగతి'. హెడ్డింగు కన్నా ముందు ఆ చిన్న పెట్టె వైపే చూపు వెళ్లేది. కడప జిల్లా నుంచి వెళ్లిన సురేంద్ర ది హిందూలో గీసి దేశమంతటా తెలిశారు. పి.వి. నరసింహారావు గారి బిగించిన మూతి ఒక్కటి చాలు, అయిదేళ్లపాటు దేశంలో కార్టూనిస్టులందరికీ పని దొరికింది. ప్రధాని మాట్లాడకపోవడమే విధానం అయిన రోజుల్లో ఆ మూతే వార్త.

ఇక్కడ ఒక మాట అనాలి. మూతి, ముక్కు, గడ్డం, పంచెకట్టు ఇవన్నీ మనిషిని గుర్తుపట్టడానికి. అక్కడే ఆగిపోతే అది మిమిక్రీ. ఈ మధ్య ఫోన్లలో తిరిగే బొమ్మల్లో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతోంది. మహిళా నేతల విషయంలో అయితే అంతకన్నా దిగజారుతోంది. వాళ్ల ఒంటి మీద, వాళ్ల ఇంటి మీద వేసే బొమ్మలో పాలన సంగతి ఏమీ ఉండదు. అది వ్యంగ్యం అంటే నేనొప్పుకోను.

మన దగ్గర ఇంకో తెగులు ఉంది. ఏ పత్రిక ఏ పార్టీ వైపు మొగ్గుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎన్నికల్లో ప్రభుత్వం మారిన మర్నాటి నుంచి ఒక పత్రికలో కార్టూన్ పదునెక్కుతుంది. ఇంకో పత్రికలో కార్టూన్ ఉన్నట్టుండి ఎండల గురించీ క్రికెట్ గురించీ మాట్లాడటం మొదలెడుతుంది. చెయ్యి అదే, బ్రష్షు అదే. సర్కారు ప్రకటనల లెక్కా, యజమాని లెక్కా మారాయి. పోలీసు అవసరమే లేని సెన్సారు ఇది. అరెస్టయితే కనీసం నలుగురికీ తెలుస్తుంది. గీయకుండా ఆగిపోయిన బొమ్మ సంగతి ఎవరికి తెలుస్తుంది?

అందుకే శ్రోతలారా, కార్టూనిస్టుకు ఎవరు దిక్కంటే, కోర్టు కొంత, సంపాదకుడు కొంత, మిగిలింది మీరే. మీ అభిమాన నాయకుడి బొమ్మ పేపర్లో వంకరగా కనిపిస్తే కోపం రావచ్చు. సంపాదకుడికి ఉత్తరం రాయండి, ఘాటుగానే రాయండి. నచ్చకపోతే ఆ పేపరు మానెయ్యండి. పోలీసు స్టేషనుకు మాత్రం వెళ్లకండి. రేపెప్పుడైనా మీ నాయకుడి మీద గీసినవాణ్నే పట్టుకెళ్తే, విడిచిపెట్టమని అడిగేవాళ్లలో మీ గొంతు కూడా ఉండాలని నా మనవి.